సరకు ఓడెక్కకముందే జవాబు కావాలి

పెంకుతో ఉడికించిన రొయ్య కస్టమ్స్ టారిఫ్‌లో, అంటే సుంకాల పట్టికలో, 0306 శీర్షిక కిందికి వస్తుంది. పెంకు ఒలిచి ఉడికిస్తే అదే రొయ్య 1605 కిందికి వెళుతుంది. విశాఖ రేవు నుంచి రొయ్యలు పంపే వ్యాపారికి ఇది లాభనష్టాల లెక్క. కోడ్ మారితే కొనే దేశంలో పడే సుంకమూ మారవచ్చు.

ఈ నాలుగంకెల శీర్షికతో మొదలయ్యే పూర్తి కోడ్‌కు ఎనిమిది అంకెలు. మొదటి ఆరు ప్రపంచ కస్టమ్స్ సంస్థవి, తర్వాతి రెండూ మన ప్రభుత్వానివి. సరైన ఎనిమిది అంకెలు ఎంచుకునే బాధ్యత మాత్రం 2011లో స్వయం మదింపు (సుంకాన్ని వ్యాపారే లెక్కగట్టే పద్ధతి) వచ్చినప్పటి నుంచి వ్యాపారిదే. దిగుమతిదారు కోడ్ తప్పితే రెండేళ్ల వెనకటి సుంకం కూడా అడుగుతారు. కావాలని దాచాడని తేలితే ఐదేళ్లు వెనక్కి వెళతారు, బకాయికి సమానమైన జరిమానా వేస్తారు. దొంగ పేర్లతో సరకు దించేవారికి ఈ శిక్ష తగినదే. నిజంగా సందిగ్ధమైన సరకు తెచ్చినవారి మాటేమిటి?

బొగ్గు దిగే రేవు కనుక విశాఖ ఒక పాత తగాదాను మరిచిపోకూడదు. అప్పట్లో స్టీమ్ బొగ్గుకు కస్టమ్స్ సుంకం లేదు, అదనపు సుంకం 1 శాతం. బిట్యుమినస్ బొగ్గుకు ఇవి వరుసగా 5 శాతం, 6 శాతం. రెండూ థర్మల్ కేంద్రాల్లో మండేవే. బాష్పశీల పదార్థం (వేడి చేస్తే ఆవిరిగా పోయే భాగం) 14 శాతం దాటి, కిలోకు కనీసం 5,833 కిలోకెలరీల వేడి ఇస్తే అది బిట్యుమినస్ అంటుంది టారిఫ్. ఆ గీత దగ్గరే నోటీసులు పుట్టాయి. 2013 బడ్జెట్లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం రెండింటికీ 2 శాతం చొప్పున రెండు సుంకాలనూ సమం చేశారు. పాత కేసులు మాత్రం ఆ తర్వాతా ఏళ్ల తరబడి నడిచాయి.

ముందే అడిగి తెలుసుకునే దారి చట్టంలో లేకపోలేదు. ముందస్తు నిర్ణయ ప్రాధికార సంస్థలు ఢిల్లీ, ముంబయిల్లో ఉన్నాయి. అయితే వాటి నిర్ణయం అడిగినవారికే వర్తిస్తుంది, అదే సరకు తెచ్చే పక్క వ్యాపారికి రక్షణ ఇవ్వదు. పైగా 2020 నుంచి ముఖాముఖి లేని మదింపు వచ్చింది. విశాఖలో దిగిన సరకు పత్రాలు మరో రేవు అధికారి ముందుకు వెళ్లవచ్చు. ఇక్కడి చిన్న వ్యాపారి సందేహం ఎవరిని అడగాలి?

వ్యాపారులూ విదేశీ అమ్మకందారు ఇన్‌వాయిస్‌లో రాసిన కోడ్‌ను కళ్లు మూసుకుని దించకూడదు. సరకు తయారీ వివరాలు, పరీక్షా నివేదికలు దగ్గర ఉంచుకోవాలి. ప్రభుత్వం చేయాల్సింది ఇంకా ఎక్కువ. ముందస్తు నిర్ణయ సంస్థ విచారణలు అప్పుడప్పుడైనా విశాఖలో జరపాలి. దరఖాస్తు రాయడంలో సాయపడే తెలుగు కౌంటర్‌ను ఇక్కడి కస్టమ్స్ కార్యాలయంలో తెరవాలి. ఒక సరకుపై ఇచ్చిన నిర్ణయం అచ్చంగా అదే సరకు తెచ్చే అందరికీ వర్తించేలా చట్టాన్ని సవరించాలి.