ముప్పై రిఫరెన్సులు కావలెను

భూమి వేడెక్కిపోతోందని ప్రపంచ దేశాలన్నీ ఏటా ఒకచోట చేరి వాదించుకుంటుంటే, మన డిగ్రీ కాలేజీ లైబ్రరీ ఏ వాదనా లేకుండా తన వంతు సేవ చేసుకుపోతోంది. అక్కడ ఫ్యాను తిరగదు, లైటు వెలగదు. బీరువాకి తాళం ఉంది. తాళంచెవి అటెండర్ దగ్గర ఉంది. అటెండర్ పరీక్షల విభాగంలో ఉన్నాడు. ఇంత తక్కువ కర్బనంతో నడిచే సంస్థ దేశంలో ఇంకోటి ఉంటే చూపించండి. విద్యార్థి మూడేళ్లలో అటువైపు వెళ్లేది ఒక్కసారే, నో డ్యూ సర్టిఫికెట్ కోసం. ఒక్క పుస్తకమైనా తీసుకుంటే కదా బాకీ ఉండేది! కాలేజీ ఇచ్చే కాగితాల్లో అక్షరాలా నిజమైనది బహుశా అదొక్కటే.

ఇప్పుడు వాతావరణ మార్పు మీద ప్రాజెక్టులు రాసే కాలం. ఈ టాపిక్ అంటే పిల్లలకు ప్రాణం. ల్యాబ్ అక్కర్లేదు, ఏం రాసినా ఎవరూ కాదనరు. "ఎండలు మండిపోతున్నాయి" అని మొదలుపెడితే గైడ్ గారు కూడా చెమట తుడుచుకుంటూ తలూపుతారు. చిక్కంతా చివరి పేజీతోనే. అక్కడ రిఫరెన్సులు ఉండాలట. కనీసం ముప్పై. అవి నమ్మదగినవి కూడా అయి ఉండాలట.

నమ్మదగినది అంటే ఏమిటో సిలబస్‌లో లేదు. ఆచారంలో మాత్రం ఉంది. ఇంగ్లీషులో ఉండాలి, పేరులో 'ఇంటర్నేషనల్ జర్నల్' అన్న మాట తగలాలి. అలాంటి జర్నళ్లకు మనకు కొరత లేదు. డబ్బు కట్టిన వారానికి అచ్చేసే రకాలు బోలెడు. ఈ రంగంలో తెలుగు నేల ఖ్యాతి సముద్రాలు దాటింది కూడా. హైదరాబాద్ నుంచి ఎదిగిన ఒక ప్రచురణ సంస్థను 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు ఆదేశించింది. వ్యాసాలను నిపుణులు పరిశీలిస్తారని నమ్మించి మోసం చేశారన్నది అభియోగాల్లో ఒకటి.

ఏది మంచి జర్నలో చెప్పడానికి, ఉన్నత విద్యను పర్యవేక్షించే యూజీసీ కొన్నాళ్లు ఒక జాబితా నడిపింది. 2025 ఫిబ్రవరిలో అదీ ఆపేసి, ఇకపై మీరే చూసుకోండని విద్యాసంస్థలకు వదిలేసింది. కాలేజీ గైడ్‌కి వదిలేసింది. గైడ్ విద్యార్థికి వదిలేశాడు. విద్యార్థి జిరాక్స్ షాపు అన్నకి వదిలేశాడు.

అన్న దగ్గర పెన్‌డ్రైవ్‌లో సీనియర్ల ప్రాజెక్టులన్నీ భద్రంగా ఉంటాయి. పేరు, హాల్‌టికెట్ నంబరు మార్చి స్పైరల్ బైండింగ్ చేయిస్తే పరిశోధన పూర్తి. రిఫరెన్సులు మార్చడం సంప్రదాయం కాదు. ఏనాడో ఎవరో 2017 అని కొట్టబోయి 2107 అని కొడతారు. ఇక అప్పటినుంచి బ్యాచ్ తర్వాత బ్యాచ్ ఇంకా పుట్టని నివేదికను ఉదహరిస్తూ ఫస్ట్ క్లాసులో పాసవుతూనే ఉంటుంది.

నవ్వకండి, పెద్దలకూ ఇలా జరిగింది. హిమాలయాల్లోని హిమానీనదాలు 2035 నాటికే కరిగిపోవచ్చని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో రాసింది. ఎక్కడిదీ అంకె అంటే, ఒక పర్యావరణ సంస్థ నివేదికలోది. ఆ నివేదికకు ఎక్కడిదంటే, 1999లో ఒక సైన్స్ పత్రికలో వచ్చిన కథనంలోది. మరో పాత పత్రంలో ఉన్న 2350 ఎక్కడో తిరగబడి 2035 అయిందని అనుమానించినవాళ్లూ ఉన్నారు. చివరికి 2010 జనవరిలో ఐపీసీసీ విచారం వ్యక్తం చేసింది. వాళ్లకీ మనకీ ఒకటే తేడా. వాళ్ల రిఫరెన్సును ఎవరో తెరిచి చూశారు.

ఈమధ్య అన్న వ్యాపారాన్ని ఏఐ దెబ్బకొట్టింది. ముప్పై అడిగితే ముప్పై ఇస్తుంది. రచయితల పేర్లు, సంపుటం, పేజీ నంబర్లు, అన్నీ ముచ్చటగా ఉంటాయి. వాటిలో కొన్ని వ్యాసాలు మాత్రం లోకంలో ఉండవు. లేకపోతే ఏం? ఉన్నవాటిని మాత్రం ఎవరు వెతుకుతున్నారు గనక!

అసలైన ఆధారాల దురదృష్టమేమంటే అవి ఉచితం. కేంద్ర భూవిజ్ఞాన శాఖ తరఫున పుణె శాస్త్రవేత్తలు 2020లో మన దేశ వాతావరణ మార్పు మీద ఒక పుస్తకమే తెచ్చారు. 1901 నుంచి 2018 లోపు దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని అందులో ఉంది. ఎవరైనా పైసా కట్టకుండా దించుకోవచ్చు. అందుకే కాబోలు ఎవరూ దించుకోరు. పీహెచ్‌డీ గ్రంథాలు శోధగంగ వెబ్‌సైట్‌లో ఊరికే దొరుకుతాయి. ఇక డబ్బు పెట్టి కొనాల్సిన జర్నళ్ల కోసం ప్రభుత్వం మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించి 'ఒకే దేశం, ఒకే చందా' పెట్టింది. 2025 జనవరి నుంచి 13,000 దాకా జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరిచింది. ప్రైవేటు కాలేజీలకు ఈ విడతలో చోటు లేదు. మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది ఎక్కడో చెప్పక్కర్లేదు కదా. చోటున్న సర్కారు కాలేజీలో ఆ సంగతి చెప్పే సర్క్యులర్ ఉంటుంది. అది బీరువాలో ఉంటుంది.

సొంత ఊరి ఉదాహరణ రాయమంటే పిల్లాడు మాల్దీవులు మునిగిపోతున్నాయని రాస్తాడు. వాళ్ల అమ్మమ్మది కాకినాడ పక్కన ఉప్పాడ. తుపాను వచ్చినప్పుడల్లా అక్కడ రోడ్డు కొట్టుకుపోవడం, ఇళ్లు కూలడం వీడు చిన్నప్పటినుంచి చూస్తున్నదే. అదెందుకు రాయలేదురా అంటే, "దానికి రిఫరెన్స్ లేదు సార్" అంటాడు. ఆ తీరం కోత మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు పత్రాలు రాశారు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో శతాబ్దం నాటి తెలుగు పత్రికలు ఉన్నాయి. ఏ తుపానుకి ఏ ఊరు ఏమైందో వెతికి చూసుకోవచ్చు. కానీ ప్రాజెక్టులో తెలుగు పత్రిక పేరు రాస్తే బాగోదని గైడ్ గారి అభిప్రాయం. మాల్దీవులైతే డీసెంట్‌గా ఉంటుంది.

కాలేజీది అలా ఉంటే, జిల్లా గ్రంథాలయానికి వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లొచ్చు. 1960 చట్టం ప్రకారం మీ ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నారు. అక్కడ కుర్చీ దొరకాలంటే పొద్దున్నే వెళ్లాలి. గ్రూప్స్ వాళ్లు, డీఎస్సీ వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న మెటీరియల్ చదువుకుంటూ ఉంటారు. వాతావరణ మార్పు వాళ్లకీ ముఖ్యమే. ఒక బిట్టు వస్తుంది. పారిస్ ఒప్పందం ఏ సంవత్సరం? 2015. తర్వాతి ప్రశ్న.

ఇన్ని దాటుకుని ఈ ఏడాది ఏ మొండి పిల్లో పుణె పుస్తకంలో ఒక అధ్యాయం, ఉప్పాడ మీద ఒక పత్రం, వేటపాలెంలో రెండు పాత పత్రికలు నిజంగానే చదివి, చదివినవి మాత్రమే చివరి పేజీలో రాసిందనుకుందాం. వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ గారు రిపోర్టు మధ్యలో ఎక్కడా ఆగరు. నేరుగా చివరి పేజీ తిప్పి వేలు పెట్టి లెక్కపెడతారు.

"నాలుగేనా? లైబ్రరీకి అస్సలు వెళ్లలేదామ్మా?"