నాలుగో అంశం

(విశాఖపట్నం, సీతమ్మధారలో ఒక ఇంటి వరండా. ఆడిట్ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన చేతిలో ఒక వినతిపత్రం ముసాయిదా ఉంది. దాన్ని తెచ్చినవాడు ఆయన బావమరిది. గాజువాకలో 20 పడకల నర్సింగ్ హోమ్ నడుపుతున్నాడు.)

ఆడిటరు: చదివాను. రాయితీ ధరకు స్థలం, పరికరాల ఖరీదులో 25 శాతం సబ్సిడీ, కరెంటు ఛార్జీల తగ్గింపు, చివరగా పేద రోగుల బిల్లు ప్రభుత్వమే కట్టే వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) పథకం బకాయిల చెల్లింపు. మీ సంఘం ప్రభుత్వాన్ని అడుగుతున్నవి ఈ నాలుగే కదా? మొదటి మూడింటికీ నేను వ్యతిరేకిని. ప్రజలు కట్టిన పన్నుతో ఒక వ్యక్తి ఆస్తిని ఎందుకు పెంచాలో ఈ కాగితంలో ఎక్కడా లేదు.

డాక్టరు: కాగితంలో వెతికితే ఎలా కనిపిస్తుంది, బావగారూ? రాత్రి రెండు గంటలకు మా గుమ్మం దగ్గర నిలబడితే కనిపిస్తుంది. పెదగంట్యాడ నుంచో పరవాడ నుంచో పురిటి నొప్పులతో వచ్చిన మనిషిని కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు పంపాలంటే నగరమంతా దాటించాలి. శ్రీకాకుళం, పాడేరు, ఒడిశాలోని కోరాపుట్ నుంచి వచ్చేవారితో ఆ ఆసుపత్రి ఎప్పుడూ కిక్కిరిసే ఉంటుంది. ఆ బరువులో కొంత మేము మోస్తున్నాము. పరిశ్రమ పెడతానన్నవాడికి స్థలమూ పన్ను రాయితీ ఇచ్చే ప్రభుత్వం, పురుడు పోసేవాడికి ఎందుకు ఇవ్వకూడదు?

ఆడిటరు: ఇవ్వకూడదని కాదు, ఇచ్చి చూశారు. 1988 మార్చిలో కేంద్ర ప్రభుత్వం విదేశాల నుంచి తెప్పించుకునే వైద్య పరికరాలకు కస్టమ్స్ సుంకం మినహాయించింది. అందుకు పెట్టిన షరతులు చిన్నవేమీ కావు. అవుట్ పేషెంట్లలో కనీసం 40 శాతం మందికి ఉచితంగా వైద్యం చేయాలి. నెలకు 500 రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాల రోగుల కోసం 10 శాతం పడకలు కేటాయించాలి. పరికరాలు ఓడ దిగాయి, ఆసుపత్రులకు చేరాయి, డబ్బు సంపాదించిపెట్టాయి. ఉచిత వైద్యం సంగతి అడిగినప్పుడు మాత్రం చాలా చోట్ల రిజిస్టర్లు దొరకలేదు. 1994లో ఆ మినహాయింపును ఎత్తివేశారు. ఆ బాధ్యత ఒకనాటితో తీరేది కాదు, నిరంతరం కొనసాగేదని ఆ తరువాత సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఢిల్లీలో చవకగా ప్రభుత్వ స్థలాలు పొందిన ఆసుపత్రుల కథ కూడా ఇటువంటిదే. పేదలకు 10 శాతం పడకలూ, అవుట్ పేషెంట్ సేవల్లో 25 శాతమూ ఉచితంగా ఇవ్వాలన్న షరతు చెల్లుతుందని తేలడానికి 2018 దాకా ఆగవలసి వచ్చింది. స్థలం మొదటి రోజే చేతికి వస్తుంది. షరతు మాత్రం కోర్టు మెట్లెక్కితే గాని అమలు కాదు. నేను ముప్పై ఏళ్లు ఫైళ్లు చూసినవాణ్ణి, బాబూ. ఇచ్చేవాడు మళ్లీ వెళ్లి చూడడు. పుచ్చుకున్నవాడు పిలిచి చూపించడు.

డాక్టరు: మీరు చెప్పిన పాపాలన్నీ పెద్ద ఆసుపత్రులవి. రాయితీలు కూడా వాళ్లవే. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 35ఏడీ సెక్షన్ కింద, స్థలం ఖరీదు పోను, ఆసుపత్రి పెట్టుబడి మొత్తాన్ని ఆదాయంలోంచి తీసివేసుకోవచ్చన్నారు. కాని కనీసం 100 పడకలు ఉండాలి. 2020లో ఆరోగ్య, విద్యా రంగాల ప్రయోగాత్మక ప్రాజెక్టులకు కేంద్రం 40 శాతం దాకా, రాష్ట్రం మరో 40 శాతం దాకా మూలధనం ఇచ్చే ఏర్పాటు చేశారు. అదీ ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టే పెద్ద ప్రాజెక్టులకే. నా 20 పడకలకు ఏమి వచ్చింది? వైద్యానికి జీఎస్టీ మినహాయింపు ఉన్నందువల్ల నేను రోగి దగ్గర పన్ను వసూలు చేయను. అందువల్లనే స్కానింగ్ యంత్రం కొన్నప్పుడు కట్టిన పన్ను నాకు తిరిగి రాదు. పెద్దవాడు తిన్నాడని చిన్నవాడి విస్తరి తీసేస్తారా?

ఆడిటరు: జీఎస్టీ మాట న్యాయమైనది, దాన్ని రాయండి, నేనే సంతకం పెడతాను. కాని పెద్దవాడికి ఇచ్చి చేసిన తప్పును చిన్నవాడికి కూడా చేయమంటే అది సమన్యాయం కాదు. పైగా చిన్నవాడికి ఏమీ చేయలేదని కూడా అనలేము. 2021 మేలో ఆక్సిజన్ దొరకక జనం అల్లాడినప్పుడు, నర్సింగ్ హోమ్‌లూ క్లినిక్కులూ సొంతంగా ఆక్సిజన్ ప్లాంటు పెట్టుకోవడానికి తీసుకునే 2 కోట్ల దాకా అప్పుకు కేంద్రం నూరు శాతం పూచీ ఇచ్చింది. వడ్డీ 7.5 శాతం మించరాదని కూడా చెప్పింది. అది నాకు నచ్చింది. పూచీ ప్రభుత్వానిది, తీర్చే బాధ్యత యజమానిది.

డాక్టరు: అప్పే ప్రోత్సాహకమా? ఆస్ట్రేలియాలో నా సహాధ్యాయి ఒకడు క్లినిక్ నడుపుతున్నాడు. రోగుల దగ్గర ఏమీ వసూలు చేయకుండా, ప్రభుత్వం చెల్లించే ఫీజుతోనే అందరినీ చూసే క్లినిక్కులకు 2025 నవంబరు 1 నుంచి అక్కడ అదనంగా 12.5 శాతం ఇస్తున్నారు. అందులో సగం డాక్టరుకు, సగం క్లినిక్కుకు. ఎవరూ దాన్ని దోపిడీ అనలేదు.

ఆడిటరు: నేనూ అనను. చూడు, నీ ఉదాహరణ నా వాదానికే పనికివస్తోంది. ఆ 12.5 శాతం గోడలకు ఇవ్వలేదు, యంత్రానికి ఇవ్వలేదు. మూడు నెలలకోసారి, ఆ కాలంలో చూసిన రోగుల లెక్క మీద ఇస్తున్నారు. వచ్చే మూడు నెలలు షరతు తప్పితే ఆ డబ్బు ఆగిపోతుంది. నీ ముసాయిదాలోని స్థలం అలా ఆగిపోతుందా? పదేళ్లకు నువ్వు నర్సింగ్ హోమ్ మూసి, అక్కడ ఫంక్షన్ హాలు పెడితే ఆ రాయితీని ఎవరు రాబడతారు?

డాక్టరు: (ముఖం ఎర్రబడి) ఫంక్షన్ హాలా? సరే, ఆ మాట వచ్చింది గనుక అడుగుతున్నాను. నిరుడు మీ గుండెకు స్టెంటు ఎక్కడ వేయించుకున్నారు? కేజీహెచ్‌కు వెళ్లారా, రామ్‌నగర్‌లో ఏసీ గదికి వెళ్లారా? పింఛనుదారుల హెల్త్ కార్డు మీద ప్రజల పన్నుతోనే కదా ఆ బిల్లు కట్టింది?

ఆడిటరు: మీ అక్కయ్య తీసుకువెళ్లింది, నేను వెళ్లాను.

డాక్టరు: అక్కయ్య మీద నెట్టకండి.

ఆడిటరు: నెట్టడం లేదు. అది నా పిరికితనమే అనుకో. అయినా ఆ డబ్బు నాకు జరిగిన వైద్యానికి ఇచ్చినది. ఆ ఆసుపత్రి మేడ కట్టుకోవడానికి ఇచ్చినది కాదు. నేను మొదటి నుంచీ చెబుతున్న తేడా అదే.

డాక్టరు: అయితే ఆ తేడా దగ్గరే నిలబడండి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన నాటి నుంచి పథకం పేరు ఎన్నిసార్లో మారింది. వైద్య ఖర్చు పరిమితి 25 లక్షల దాకా పెరిగింది. బకాయి మాత్రం మారలేదు. మీరు కోరిన పద్ధతిలోనే ముందు వైద్యం చేస్తున్నాము. ప్యాకేజీ ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఫొటోలు, రిపోర్టులు, డిశ్చార్జి కాగితాలు అన్నీ పంపి క్లెయిము పెట్టి నెలల తరబడి ఎదురుచూస్తాము. నర్సుల జీతం ఒకటో తారీఖున ఇవ్వాలి. మందుల పంపిణీదారు వాయిదాకు ఒప్పుకోడు. 2025 అక్టోబరులో ఈ పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపినప్పుడు అందరూ మమ్మల్నే తిట్టారు. పనికే డబ్బు ఇవ్వాలంటున్న మీ సిద్ధాంతాన్ని నమ్ముకుని నేను ఓవర్ డ్రాఫ్ట్ మీద బతుకుతున్నాను. స్థలం ఎందుకు అడుగుతున్నామంటే, అది ఒకసారి చేతికి వస్తే మళ్లీ ఏ ఆఫీసు చుట్టూ తిరగనక్కరలేదు గనుక.

(ఆడిటరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇది రాస్తున్నవాడు ఆయన పక్షమే అయినా, ఈ దెబ్బ గట్టిగానే తగిలిందని ఒప్పుకోవాలి.)

ఆడిటరు: మరి ఆ మాటను నాలుగో అంశంగా ఎందుకు రాశారు?

డాక్టరు: ఎప్పుడూ రాసేదే గదా అని.

ఆడిటరు: అదే పొరపాటు. మొదటి మూడూ యాచన, నాలుగోది హక్కు. యాచన వెనుక హక్కును నిలబెడితే అదీ యాచనగానే కనిపిస్తుంది. దాన్ని మొదటికి తెచ్చి, గడువు దాటిన క్లెయిముకు రోజుల లెక్కన వడ్డీ చెల్లించాలని రాయండి. నేను పన్ను ఆలస్యంగా కడితే ప్రభుత్వం నా దగ్గర వడ్డీ వసూలు చేయడం లేదా? 50 పడకల లోపు ఆసుపత్రుల క్లెయిములను ముందుగా పరిష్కరించాలని అడగండి. పరికరాల కోసం తీసుకునే అప్పుకు పూచీ అడగండి. తరువాత జీఎస్టీ సంగతి. స్థలమూ సబ్సిడీ కొట్టివేయండి. లేదా, పొందినవారు ప్రతి సంవత్సరం ఉచితంగా చూసిన రోగుల లెక్కను గేటు దగ్గర బోర్డు మీద రాస్తారని మీరే షరతు పెట్టుకోండి.

డాక్టరు: బోర్డు షరతు పెడితే మా సంఘంలో సగం మంది సంతకం చేయరు.

ఆడిటరు: ఆ సగం మంది ఎవరో తెలిస్తే నా వాదం సగం పూర్తయినట్లే.

డాక్టరు: స్థలం కొట్టివేస్తే మిగతా సగం చేయరు, బావగారూ.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. డాక్టరు కలం తీసి నాలుగో అంకెను కొట్టి ఒకటి వేశాడు. స్థలం ఉన్న వాక్యం పక్కన ప్రశ్నార్థకం మాత్రమే పెట్టి, కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.)