సవరణ: రిమోట్ స్టార్టర్‌కు డోర్ లాక్ వైరింగ్

మిన్నెసోటా చలికి రిమోట్ స్టార్టర్ (దూరం నుంచే కారు ఇంజిన్ స్టార్ట్ చేసే పరికరం) బిగించుకోవడం గురించి రాస్తూ, దాని లాక్, అన్‌లాక్ వైర్లను ఏ కారులోనైనా డోర్ స్విచ్ వైర్లకు నేరుగా కలిపేయొచ్చన్నాను. అది తప్పు.

స్టార్టర్ ఇచ్చేది సాధారణంగా చిన్న నెగటివ్ పల్స్, అంటే వైరును క్షణంపాటు గ్రౌండ్‌కు (బ్యాటరీ నెగటివ్‌కు) కలపడం. స్విచ్ నొక్కితే వైరు గ్రౌండయ్యే కార్లకే అది చాలు. నా కారు అదే రకం, అందుకే తేడా తెలియలేదు! పాజిటివ్ పల్స్ (12 వోల్టులు) కోరే కార్లకు రిలేలు (చిన్న కరెంటుతో పనిచేసే విద్యుత్ స్విచ్‌లు) కావాలి. పాత కార్లలోని ఐదు వైర్ల రివర్స్ పోలారిటీలో (కరెంటు దిశ మార్చి లాక్ మోటారును అటూ ఇటూ తిప్పే పద్ధతి) మోటారు కరెంటంతా స్విచ్‌లోంచే పోతుంది, మోటారు వైర్లు రెండూ మామూలుగా గ్రౌండ్‌కే కలిసి ఉంటాయి. వాటిని కత్తిరించి రెండు రిలేలు పెట్టాలి: రిలే పిన్నుల్లో 30 మోటారు వైపు, 87ఎ స్విచ్ వైపు, 87కి ఫ్యూజు ఉన్న 12 వోల్టులు. కత్తిరించకుండా 12 వోల్టులిస్తే షార్టే. మీ కారుది ఏ రకమో ముందు మల్టీమీటర్‌తో చూసుకోండి, టెస్ట్ బల్బు వద్దు.