అశ్వశక్తి సరే, ఎన్ని గంటలు?

బోటుకు ఇంజిన్ కొనేవాళ్లు మొదట అడిగే మాట ‘ఎంత హెచ్‌పీ?’ అనే. అమ్మేవాళ్లూ ఆ అంకెనే ముందు చెబుతారు. ఇంజిన్‌కు బిగించిన రేకు మీద కూడా కంటికి ముందు ఆనేది అదే. దాని కింద, చాలాసార్లు రంగు పూతలో సగం కప్పబడిపోయి, ఇంకో మాట ఉంటుంది: కంటిన్యువస్ అనో, హెవీ డ్యూటీ అనో, ఇంటర్మిటెంట్ అనో. ఆ అశ్వశక్తిని ఇంజిన్ ఎంతసేపు ఇవ్వగలదో చెప్పేది ఆ చిన్న మాటే. చేపల వేటకు వెళ్లే బోటుకైనా, రేవులో ఓడల్ని లాగే టగ్గుకైనా, సరుకు మోసే పడవకైనా అంకె కంటే ఆ మాటే ముఖ్యమని మా అభిప్రాయం. కానీ కొనేవాళ్లే కాదు, అప్పిచ్చే బ్యాంకులు, రాయితీలిచ్చే ప్రభుత్వాలు, లైసెన్సు రాసే అధికారులు అందరూ అంకె దగ్గరే ఆగిపోతున్నారు.

ఒకే ఇనుప దిమ్మ, అవే ఆరు సిలిండర్లు, అదే క్రాంక్‌షాఫ్ట్. దానికి డీజిల్ కాస్త ఎక్కువ పోసి, టర్బో గాలి పెంచి, ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, పైకి జరిపితే అదే ఇంజిన్ చాలా ఎక్కువ హెచ్‌పీ చూపిస్తుంది. ఇందులో మోసం ఏమీ లేదు. కంపెనీలు తరగతులు పెట్టి మరీ చెబుతాయి. క్యాటర్‌పిల్లర్ తన మెరైన్ ఇంజిన్లకు ‘ఏ’ నుంచి ‘ఈ’ దాకా ఐదు తరగతులు పెట్టింది. ‘ఏ’ అంటే ఫుల్ లోడ్ మీద పగలూ రాత్రీ ఆగకుండా నడవొచ్చు. ‘ఈ’ అంటే ఆరు గంటల్లో అరగంటే ఫుల్ పవర్, మిగతా అయిదున్నర గంటలు నెమ్మదిగా పోవాలి. కమిన్స్ కూడా పేర్లు మార్చి ఇలాంటి విభజనే చేసింది. సెలవు రోజున సరదాగా తిరిగే పడవకు ‘ఈ’ తరగతి చక్కగా సరిపోతుంది. అదే ఇంజిన్‌ను వల లాగే బోటులో పెడితే ముందు ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది, తర్వాత వాల్వులు కాలతాయి, ఆ తర్వాత సిలిండర్ హెడ్ పగులుతుంది. పిస్టన్ వంతు వచ్చేసరికి యజమాని దగ్గర డబ్బులుండవు.

ఒడ్డున నిలబడి చూసేవారికి ట్రాలర్ సోమరిగా కనిపిస్తుంది. వల దించాక దాని వేగం మూడు నాలుగు నాట్లు, అంటే మనిషి నడకకు కొంచెం ఎక్కువ. కానీ ఇంజిన్ రూమ్‌లోకి దిగితే సంగతి వేరు. బరువంతా వెనకనుంచి వల పట్టి లాగుతుంటే ఇంజిన్ దాదాపు తన శక్తంతా ధారపోస్తూ ఉంటుంది. ఒక గంట కాదు, వల ఎత్తేదాకా. వల ఎత్తాక మళ్లీ దించుతారు, మళ్లీ అదే పని. ఓడలకు దారి చూపే పైలట్‌ను తీసుకెళ్లే బోటు బతుకు దీనికి పూర్తిగా ఎదురు: పరుగెత్తి వెళ్లడం, దింపడం, వెనక్కి రావడం. టగ్గు మరీ విచిత్రం. రోజులో ఎక్కువ భాగం ఖాళీగా గొణుగుతూ ఉంటుంది, కాసేపు మాత్రం ఒంట్లో సత్తువంతా చూపాలి. ఆ గొణుగుడూ ఇంజిన్‌కు మంచిది కాదు. తక్కువ లోడ్ మీద గంటల తరబడి తిరిగితే సిలిండర్ లోపల వేడి చాలదు, డీజిల్ పూర్తిగా మండదు, సిలిండర్ లోపలి తొడుగు, అంటే లైనర్, గోడలు అద్దంలా నునుపెక్కి ఆయిల్ నిలవదు. అంటే అవసరానికి మించి పెద్ద ఇంజిన్ పెట్టడం కూడా ఒక రోగమే. ‘పెద్దది పెడితే పోయేదేముంది’ అనేవాళ్లకు ఇదీ జవాబు.

పాతకాలం వాళ్లకు ఈ లెక్క తెలుసు. రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజిన్‌ను 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించాడు. ఆరేళ్లకే, 1903లో, అది నదుల్లో, కాలువల్లో పడవలకు ఎక్కింది. 1912లో డెన్మార్క్ ఓడ సెలాండియా డీజిల్‌తో మహాసముద్రాలు దాటింది. చిన్న చేపల పడవల్లో మాత్రం చాలాకాలం రాజ్యమేలింది హాట్ బల్బ్ ఇంజిన్. స్వీడన్‌లో తయారైన బోలిండర్లు అందులో పేరుపడ్డవి. స్టార్ట్ చేసే ముందు బ్లోలాంప్‌తో తలమీద గుండును ఎర్రగా కాల్చాలి, ఆ కాసేపూ ఓపిక పట్టాలి. హెచ్‌పీ తక్కువ, బరువు ఎక్కువ, చప్పుడు టంగ్ టంగ్ మని ఊరంతా వినిపించేది. కానీ చేతికి దొరికిన నూనెతో నడిచేది, బాగుచేయడానికి పానా, సుత్తి చాలు. ఆ తర్వాతి తరంలో మాంచెస్టర్ వాళ్ల గార్డనర్ 8ఎల్3బి వచ్చింది. ఎనిమిది సిలిండర్లు, 230 హెచ్‌పీ, అదీ కేవలం 1150 ఆర్‌పీఎం దగ్గర. ఇవాళ అంతే హెచ్‌పీ ఇచ్చే ఇంజిన్ అంతకు రెండింతల స్పీడులో తిరుగుతుంది, బరువు చాలా తక్కువ. పాతదే గొప్పదని మేము అనడం లేదు. ఇవాళ్టి ఇంజిన్ అదే పనికి తక్కువ డీజిల్ తాగుతుంది, తక్కువ పొగ వదులుతుంది. నెమ్మదిగా తిరిగే ఇంజిన్ ఎందుకు అన్నేళ్లు బతికేదో మాత్రం మరిచిపోకూడదు.

ఇక ప్రొపెల్లర్. ఇంజిన్ గురించి ఇంత మాట్లాడేవాళ్లు ప్రొపెల్లర్ గురించి ఒక్క ముక్క మాట్లాడరు. శక్తిని నీళ్లలోకి చేర్చేది అదే. బరువు లాగే బోటుకు పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరగాలి, అందుకు లోతైన రిడక్షన్ ఉన్న, అంటే ఇంజిన్ వేగాన్ని బాగా తగ్గించి అందించే, గేర్‌బాక్స్ కావాలి. దాని చుట్టూ నాజిల్, అంటే ఉక్కు కట్టు, బిగిస్తే తక్కువ వేగంలో లాగుడు బలం గట్టిగా పెరుగుతుంది. కొత్తగా హెచ్‌పీ కొనకుండానే వచ్చే బలం ఇది. ఇంకో లెక్క కూడా చూడండి. ప్రొపెల్లర్‌ను తిప్పడానికి కావలసిన శక్తి, దాని వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. ఆర్‌పీఎం పదో వంతు తగ్గిస్తే అడిగే శక్తి 27 శాతం తగ్గుతుంది, ఐదో వంతు తగ్గిస్తే దాదాపు సగమవుతుంది. రేవుకు అరగంట ముందు చేరడానికి ఎన్ని లీటర్లు తగలబెడుతున్నారో ప్రతి సరంగుకూ తెలియాలి. మెరైన్ డీజిల్ ఇంజిన్ ఒక కిలోవాట్‌ను గంటసేపు ఇవ్వడానికి సుమారు పావు లీటరు తాగుతుంది. ఆ డీజిల్‌లోని వేడిలో 40 శాతం మాత్రమే షాఫ్ట్‌కు చేరుతుంది, మిగతాది పొగలోనూ కూలింగ్ నీళ్లలోనూ పోతుంది. డీజిల్ ఖర్చు మీటర్ ప్రతి వీల్‌హౌస్‌లోనూ, అంటే బోటు నడిపే గదిలోనూ, ఎందుకు ఉండదో మాకు అర్థం కాదు. మీటర్ చిన్నదే, పని పెద్దది.

వేట మధ్యలో ఇంజిన్ ఆగిపోవడానికి కారణం చాలాసార్లు అరచేతిలో ఇమిడే వస్తువు. సముద్రపు నీటిని లోపలికి లాగే పంపులో రబ్బరు రెక్కల చక్రం ఒకటి ఉంటుంది, ఇంపెల్లర్. దాన్ని విప్పి చూస్తే ఒక్కోసారి రెండు రెక్కలు ఉండవు. మరి అవెక్కడికి పోయాయి? ఇంజిన్ వేడిని సముద్రపు నీటికి అప్పజెప్పే హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల మూతుల దగ్గర ఇరుక్కుని కూర్చున్నాయి. కొత్త ఇంపెల్లర్ వేసి, పాత రెక్కల ముక్కలు వెతక్కుండా మూత బిగించేస్తే రెండో రోజు మళ్లీ వేడెక్కుతుంది. ఇలాంటి ఇంగితం నేర్పే శిక్షణ మీద పెట్టే పైసా, కొత్త ఇంజిన్ మీద పెట్టే రూపాయికి సమానం. డీజిల్‌లో నీళ్లు వేరుచేసే ఫిల్టర్ గిన్నెలో చేరిన నీళ్లను రోజూ బయటికి వదలడం, ఇంజిన్ లోహానికి బదులు తామే తుప్పుకు కరిగే జింక్ దిమ్మలు అరిగాయా అని చూడటం కూడా ఈ కోవలోవే.

కానీ కొత్త ఇంజిన్లలో కొన్ని రోగాలను చేత్తో తడిమి కనిపెట్టలేం. కామన్ రైల్ పద్ధతిలో డీజిల్ 1600 బార్ పైన, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 1600 రెట్లకు మించిన, ఒత్తిడితో ఇంజెక్టర్లలోకి వెళుతుంది, ఎంత ఎప్పుడు వెళ్లాలో కంప్యూటర్ చెబుతుంది. పొగ తగ్గడానికి కారణం ఇదే, దీన్ని మేము తప్పుపట్టం. తీరానికి బాగా దూరంలో ఒక సెన్సర్ వైరుకు ఉప్పు పట్టి, ఇంజిన్ తనకు తానే పవర్ తగ్గించుకుంటే బోటులో ఉన్నవాళ్లకు ఏం జరిగిందో తెలియకపోవడం మాత్రం తప్పే. లోపం కోడ్ చదవడానికి కంపెనీ లాప్‌టాప్, కంపెనీ పాస్‌వర్డ్, కంపెనీ మనిషి ఉండాలంటే ఎలా? గాలి పెరుగుతున్న వేళ ఆ మనిషి ఎక్కడినుంచి వస్తాడు? పని బోట్లకు అమ్మే ప్రతి ఇంజిన్ లోపం కోడ్‌లనూ వాటి అర్థాలనూ తెర మీద మామూలు మాటల్లో చూపాలని చట్టం చెప్పాలి.

ప్రభుత్వాల తీరు ఇంకో తలనొప్పి. వేట తీవ్రతను అదుపు చేయడానికి ఇంజిన్ శక్తిని కొలబద్ద చేసుకున్నవి ఉన్నాయి. ఐరోపా సమాఖ్య తన సభ్యదేశాల చేపల బోట్లకు మొత్తం కిలోవాట్ల పరిమితి పెట్టింది. ఉద్దేశం మంచిదే. కాగితం మీద ఒక అంకె, సీలు తీసి డీజిల్ పంపు స్క్రూ తిప్పి శక్తి పెంచాక ఇంకో అంకె అన్నట్టుంటే ఏం లాభం? కొలిచేది రేకును కాదు, షాఫ్ట్‌ను. మరోవైపు ఎక్కువ డీజిల్ తాగినవారికి ఎక్కువ రాయితీ దక్కేలా పథకాలు రాస్తే, పెద్ద ఇంజిన్ పెట్టమని ప్రభుత్వమే చెవిలో చెప్పినట్టు. ప్రపంచ వాణిజ్య సంస్థ 2022లో కుదుర్చుకున్న మత్స్య రాయితీల ఒప్పందం 2025 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. అది అక్రమ వేటకు, అడుగంటిన చేపల మీద వేటకు ఇచ్చే సొమ్మును ఆపుతుంది. డీజిల్ మీద రాయితీ అనే అసలు ముడి మాత్రం ఇంకా విప్పవలసే ఉంది.

బ్యాటరీల మాటేమిటని అడిగేవారుంటారు. రేవు దాటి పోని బోట్లకు అది నిజంగానే వచ్చేసింది. ఆక్లాండ్‌లో 2022 నుంచి స్పార్కీ అనే ఎలక్ట్రిక్ టగ్గు పనిచేస్తోంది. రోజుల తరబడి నడిసముద్రంలో ఉండే బోటుకు అది ఇంకా దూరపు మాటే. ఒక కిలో డీజిల్‌లో ఉండే శక్తి ఒక కిలో బ్యాటరీలో ఉండేదానికి కొన్ని పదుల రెట్లు. అందుకే డీజిల్ ఇంకొన్నేళ్లు ఉంటుంది. ఉన్నంతకాలం దాని పక్కనే పడుకునే మనుషుల సంగతీ చూడాలి. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. ఇంజిన్ రూమ్ చప్పుడు వంద డెసిబెల్స్ దాటడం మామూలు. ఎగ్జాస్ట్ గొట్టం జాయింటులో మసి గీత కనపడితే అది గాస్కెట్ ఖర్చు కాదు, ఊపిరితిత్తుల ఖర్చు.

మేము అడిగేవి పెద్దవి కావు. ఇంజిన్ బిల్లు మీద హెచ్‌పీ పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, ఏ తరగతి, ఎన్ని గంటలు అని రాయాలి. అప్పు, రాయితీ, బీమా కాగితాల్లో అదే మాట ఉండాలి. వల లాగే బోటుకు సరదా తరగతి ఇంజిన్ పెడతామంటే బ్యాంకు ఆ కాగితం వెనక్కి పంపాలి. ఇంజిన్ బిగించాక బోటును ఖాళీగా తిప్పి సంతకం పెట్టించుకునే పద్ధతి మానాలి. ట్యాంకు నిండా డీజిల్, గోదాములో ఐసు, డెక్ మీద వల, మనుషులు అందరూ ఉండగా థ్రాటిల్ చివరిదాకా నెట్టాలి. రేకు మీద రాసిన ఆర్‌పీఎంకు ముల్లు చేరిందా లేదా చూడాలి. చేరకుండా వెనక నల్ల పొగ వస్తుంటే ప్రొపెల్లర్ ఇంజిన్‌కు మించిన బరువన్నమాట. అప్పుడు ప్రొపెల్లర్ తీసి రెక్కల వంపు సరిచేయించాలి. ముల్లు చేరేదాకా ఎవరూ సంతకం పెట్టకూడదు.