నడుముకున్న పిస్టల్‌కి సేఫ్టీ మీట కావాలా, వద్దా?

టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్‌ని బట్టల చాటున పెట్టుకుని తిరగొచ్చు. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం సాధారణంగా తుపాకీ ఒప్పుకోదు. గ్రీన్ కార్డో పౌరసత్వమో వచ్చి, రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్ స్టోర్లు నడిపే మనవాళ్లు కొందరు మాత్రం కొనే ఆలోచనలో ఉంటారు. కొనేచోట మొదటి చిక్కు ఇదే: ఒకే మోడల్ రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకదానికి బొటనవేలికి అందేలా పక్కన సేఫ్టీ మీట ఉంటుంది, రెండోదానికి ఉండదు. మీట వేసి ఉంటే ట్రిగ్గర్ నొక్కినా పేలదు; మామూలుగా కిందికి దించితేనే పేలే స్థితికి వస్తుంది.

ఈ వాదనలో తమ్ముడు డాలస్ దగ్గర స్టోర్ నడుపుతున్నాడు, మీట వద్దంటాడు. అక్క ఏళ్లుగా తుపాకీ సాధన చేసే రేంజికి వెళ్తూ కొత్తవాళ్లకి నేర్పుతుంది, మీట ఉండాల్సిందే అంటుంది. నా మొగ్గు అక్క వైపే. అయినా తమ్ముడి మాటల్లో బలం ఎంతుందో అంతా ఇక్కడ పెట్టాను.

తమ్ముడు: అక్కా, ముందు నా పరిస్థితి విను. రాత్రి పదకొండు దాటాక కౌంటర్ దగ్గర ఒక్కణ్ణే ఉంటాను. ఎవడైనా మీదికొస్తే నాకు దొరికేది రెండు మూడు సెకన్లు. ఆ కాస్త టైమ్‌లో చొక్కా ఎత్తాలి, పిస్టల్ పట్టుకోవాలి, బయటికి తియ్యాలి. మళ్లీ మీట దించడం కూడా గుర్తుండాలంటే ఎలా? చెమట పట్టిన వేలు జారిందంటే ట్రిగ్గర్ ఎంత నొక్కినా పేలదు. అవతలివాడు ఊరుకుంటాడా?

అక్క: వేలు జారుతుందన్నావు చూడు, నా భయమూ అక్కడే ఉంది. టెన్షన్‌లో బొటనవేలు మాట వినదంటున్నావు. అదే టెన్షన్‌లో చూపుడువేలు మాత్రం బుద్ధిగా ట్రిగ్గర్‌కి దూరంగా ఉంటుందా?

తమ్ముడు: ఉండేలా నేర్చుకోవాలి. అసలు మీట లేదంటే సేఫ్టీ లేదని కాదు కదా. ఆస్ట్రియా సైన్యం 1982లోనే గ్లాక్ పిస్టల్‌ని తీసుకుంది. దానికి బయట మీట లేదు గానీ లోపల మూడు ఏర్పాట్లున్నాయి. ట్రిగ్గర్ మధ్యలో ఉన్న చిన్న పలక నొక్కుకుంటే తప్ప ట్రిగ్గర్ వెనక్కి రాదు. తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్‌కి అడ్డు ఉంది. కిందపడ్డా పేలకుండా ఇంకో అడ్డు ఉంది. ఎఫ్‌బీఐ వాళ్లు కూడా గ్లాకులే వాడుతున్నారు. అంతకుముందు అమెరికా పోలీసులు తరాల తరబడి మోసిన రివాల్వర్లకి మాత్రం మీట ఎక్కడుంది?

అక్క: రివాల్వర్ మాట నువ్వే ఎత్తావు, మంచిది. దాని ట్రిగ్గర్ లాగాలంటే సుమారు 12 పౌండ్ల బలం కావాలి, అంటే ఐదు కిలోల పైమాటే. పైగా చాలా దూరం లాగాలి. ఆ బరువే దానికి సేఫ్టీ. గ్లాక్ ట్రిగ్గర్ దాదాపు ఐదున్నర పౌండ్లు, లాగాల్సిన దూరమూ తక్కువే. న్యూయార్క్ పోలీసులు రివాల్వర్ల నుంచి పిస్టళ్లకి మారినప్పుడు తమ గ్లాకులకి 12 పౌండ్ల ట్రిగ్గర్ ఊరికే పెట్టించుకున్నారా? ఇక లాస్ ఏంజెలెస్ కౌంటీ షెరిఫ్ శాఖ సంగతి చూడు. వాళ్ల దగ్గర ముందు మీట ఉన్న బెరెట్టా 92 పిస్టళ్లు ఉండేవి. తర్వాత మీట లేని స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ పిస్టళ్లు ఇచ్చారు. అనుకోకుండా పేలిన ఘటనలు 2012లో 12, 2014లో 30. అవన్నీ రోజూ తుపాకీ మోసేవాళ్ల చేతుల్లో జరిగినవి.

తమ్ముడు: ఆ లెక్క నాకూ తెలుసు. కానీ దాంట్లోంచి మీట ఒక్కదాన్నే ఎలా పైకి తీస్తావు? బెరెట్టాలో మొదటి తూటాకి ట్రిగ్గర్ బాగా బరువు. ఆ బరువుకి అలవాటుపడి, వేలు ట్రిగ్గర్ మీద ఆనించినా ఏమీ కాదులే అన్న ధోరణి పాతుకుపోయింది. తేలిక ట్రిగ్గర్ చేతికి రాగానే ఆ పాత అలవాటే కొంప ముంచింది. ఇంకోటి కూడా ఉంది. తుపాకీకి బిగించిన టార్చిలైటు స్విచ్చి పిడి దగ్గర ఉండేది. లైటు వెయ్యబోయి ట్రిగ్గర్ లాగినవాళ్లు ఉన్నారు. అది శిక్షణలో లోపం. దానికి మందు శిక్షణే, మీట కాదు.

అక్క: ఇందులో సగం ఒప్పుకుంటాను. వాళ్లని కాపాడింది మీటా, ట్రిగ్గర్ బరువా అన్నది విడదీసి చెప్పలేం. కానీ ఒక్కటి ఆలోచించు. జీతమిచ్చి, రేంజికి పంపి, ఏటేటా పరీక్ష పెట్టే శాఖలోనే అలవాటు మార్చడం అంత కష్టమైతే, నువ్వు ఎన్నాళ్లకోసారి రేంజికి వెళ్తావు? మొన్న దీపావళి తర్వాత వెళ్లావా?

తమ్ముడు: ...వెళ్లలేదు.

అక్క: పిస్టల్ తీసే ఘట్టం గురించే అందరూ మాట్లాడతారు. తిరిగి పెట్టే ఘట్టం గురించి ఎవరూ మాట్లాడరు. జీవితంలో ఒక్కసారి కూడా దొంగ మీదికి తియ్యకపోవచ్చు, పెట్టుకోవడం మాత్రం రోజూ ఉంటుంది. చలికాలం జాకెట్ వేసుకుని ఉంటావు. దాని అంచున వేలాడే తాడు, చివర ప్లాస్టిక్ బుడిపె. హోల్‌స్టర్, అంటే పిస్టల్ ఒర, పొట్ట ముందు, ప్యాంటు లోపల ఉంటుంది. పిస్టల్ లోపలికి తోస్తుంటే తాడు ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డులోకి దూరుతుంది. నీకు కనబడదు, పొట్ట అడ్డం. గట్టిగా ఉందేమిటని ఇంకాస్త తోస్తావు. నువ్వు పిస్టల్‌ని కిందికి తోస్తుంటే తాడు ట్రిగ్గర్‌ని పైకి లాగుతుంది. నువ్వు చెప్పిన చిన్న పలకకి అది వేలో తాడో తెలియదు. గొట్టం చూసేది నీ తొడ వైపు. తొడ లోపల పెద్ద రక్తనాళం ఉంది. మీట పైకి, అంటే వేసి, ఉంటే తాడు ఎంత లాగినా ట్రిగ్గర్ కదలదు.

తమ్ముడు: మరి దానికి పద్ధతి ఉంది కదా. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ వాడాలి. చొక్కా, జాకెట్ రెండో చేత్తో పైకెత్తి పట్టుకోవాలి. నడుము ముందుకి వంచి, కళ్లతో చూస్తూ నెమ్మదిగా పెట్టాలి. అడ్డు తగిలితే ఆగాలి. పెట్టేటప్పుడు తొందరేముంది?

అక్క: ఇవన్నీ మీట ఉన్నా చెయ్యాల్సినవే. ఊళ్లో అమ్మ రాత్రి పడుకోబోయే ముందు స్టవ్ నాబ్ కట్టేసి, మళ్లీ సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కూడా కట్టేది. నాబ్ మీద నమ్మకం లేక కాదు.

తమ్ముడు: స్టవ్ వెలిగించమని మెడ మీద కత్తి పెట్టి ఎవరూ తొందరపెట్టరక్కా. నా ఇబ్బంది అది. ఇంకో మాట. మీట ఉందన్న ధైర్యంతో జనం అజాగ్రత్త అవుతారు. "సేఫ్టీ వేసే ఉంది" అంటూ నిండు తుపాకీని మనుషుల వైపు తిప్పేవాళ్లని రేంజిలో నువ్వూ చూసే ఉంటావు. మీట వేశాననుకుని వెయ్యనివాడు, తీశాననుకుని తియ్యనివాడు, ఇద్దరూ ప్రమాదమే. పైగా అన్ని మీటలూ ఒకలా ఉండవు. 1911 పిస్టల్‌కి కిందికి నొక్కితే పేలే స్థితికి వస్తుంది, బెరెట్టా 92కి పైకి తొయ్యాలి. ఈ చిన్న పిస్టళ్ల మీటలైతే గోరంత ఉంటాయి, తడిమినా తగలవు.

అక్క: అందుకే రెండు మూడు రకాలు మార్చి మార్చి పెట్టుకోకూడదు. కొన్నది ఒక్కటే ఉండాలి, మీట కిందికి దిగే రకమే ఉండాలి. పిడి పట్టుకోగానే బొటనవేలు మీట మీద పడాలి. పడకపోతే ఆ మోడల్ నీ చేతికి కుదరదని అర్థం, వేరేది చూసుకో. 2017లో అమెరికా సైన్యం సిగ్ కంపెనీ పీ320 పిస్టల్‌ని ఎంచుకుంది. సైన్యానికిచ్చే ఎం17కి మీట ఉంది. అదే కంపెనీ జనానికి అమ్మే పీ320ల్లో ఎక్కువ వాటికి లేదు. ట్రిగ్గర్ ముట్టకుండానే పేలిందని కోర్టుకెక్కిన ఒక మాజీ సైనికుడికి 2024 నవంబర్‌లో ఫిలడెల్ఫియా జ్యూరీ 11 మిలియన్ డాలర్లు ఇవ్వమంది. బయటి సేఫ్టీ లేకపోవడమే అతని వాదనలో ముఖ్యాంశం.

తమ్ముడు: ట్రిగ్గర్ లాగందే అది పేలదని కంపెనీ మొదటి నుంచీ అంటోంది. అది అలా ఉంచు. చాలా పిస్టళ్లలో ఈ మీట ఆపేది ట్రిగ్గర్ కదలికని. తూటాని కొట్టే లోపలి స్ట్రైకర్‌ని కాదు. తప్పు లోపలే ఉంటే మీట ఏం చేస్తుంది?

అక్క: సరైన ప్రశ్న. లోపం లోపల ఉంటే మీట కాపాడకపోవచ్చు. తాడు నుంచీ, చొక్కా కొస నుంచీ, పసివాడి వేలు నుంచీ కాపాడుతుంది. నేను అడిగేదీ అంతే. 2014 డిసెంబర్‌లో ఐడహోలోని హేడెన్ వాల్‌మార్ట్‌లో ఒక తల్లి హ్యాండ్‌బ్యాగులోంచి రెండేళ్ల కొడుకు పిస్టల్ తీశాడు. పేలి తల్లి చనిపోయింది. ఆ బ్యాగు పిస్టల్ పెట్టుకోవడానికని ప్రత్యేకంగా చేసిందే, జిప్పున్న అర కూడా ఉంది. నీ కూతురికి మూడేళ్లు.

తమ్ముడు: దానికి మీట జవాబంటే నేను ఒప్పుకోను. పిల్లలు ఫోన్ లాకులే తీసేస్తున్నారు, మీట ఎంతసేపు? ఒంటి మీద లేనప్పుడు పిస్టల్ పెట్టెలో, తాళం వేసి ఉండాలి. పిల్లల చేతికి అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో నేరం కూడా.

అక్క: తాళమే ముందు. ఇందులో నీతో వాదం లేదు. నేనంటున్నది తాళం వెయ్యడం మర్చిపోయిన ఆ ఒక్క సాయంత్రం గురించి. ఇంకో సంగతి. నీ కొట్లో పెనుగులాట జరిగి, పిస్టల్ అవతలివాడి చేతికి పోయిందనుకో. మీట ఎక్కడుందో వాడు వెతుక్కునే రెండు సెకన్లు నీవి. ఇందాక మీట తింటుందని నువ్వు భయపడినవి ఆ సెకన్లే.

తమ్ముడు: మరి ఇంత అవసరమైతే ప్రభుత్వమే తప్పనిసరి చెయ్యొచ్చు కదా?

అక్క: ఏ సంస్థ చేస్తుంది? ఇక్కడ వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ పిల్లల బొమ్మకి నియమం పెట్టగలదు. తుపాకీని మాత్రం కాంగ్రెస్ ఆ కమిషన్ పరిధిలోంచి 1970ల్లోనే తప్పించింది. అందుకే ఎంపిక కౌంటర్ ముందు నిలబడ్డ నీ నెత్తిన పడింది. రోజూ సాధన చేసేవాడు మీట లేనిది పెట్టుకుంటానంటే నేను అడ్డుపడను. నువ్వు అలాంటివాడివి కాదు. ఇప్పుడే మొదలుపెడుతున్నావు, ఇంట్లో పసిపిల్ల ఉంది.

తమ్ముడు: మీట దించడం నాకు అలవాటు కాకపోతే?

అక్క: తేల్చుకునే కొందాం. శనివారం రేంజికి రా, మీట ఉన్నదీ లేనిదీ రెండూ అద్దెకి తీసుకుందాం. చాలా రేంజిల్లో హోల్‌స్టర్‌లోంచి తియ్యనివ్వరు కాబట్టి ఆ పని ఇంట్లో నా పిస్టల్‌తో చేద్దాం. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందని ఇద్దరం వేలు పెట్టి చూశాకే. నువ్వు యాభై సార్లు తియ్యి. మీట ఎన్నిసార్లు మర్చిపోయావో నేను రాస్తాను.

తమ్ముడు: తిరిగి పెట్టేటప్పుడు కూడా రాయి. జాకెట్ వేసుకునే వస్తాను.