మైనస్ 40 శాతం... ఏ ధర నుంచి?

2025 అక్టోబర్ 14 ఉదయం టాటా మోటార్స్ షేరు చాలా యాప్‌లలో దాదాపు 40 శాతం పడిపోయినట్టు ఎర్రగా కనిపించింది. ముందు రోజు ముగింపు రూ.660.75. ఆ ఉదయం మామూలు ట్రేడింగ్‌కు ముందు జరిగిన ప్రత్యేక ప్రీ ఓపెన్ సెషన్‌లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ (ఎన్‌ఎస్‌ఈ)లో తేలిన ధర రూ.400. లెక్క వేస్తే మైనస్ 39.46 శాతం. యాప్ కూడికలు తీసివేతల్లో తప్పేమీ చేయలేదు. అయితే ఆ అంకె చెబుతున్నంత నష్టం ఏ షేరుదారుడికీ రాలేదు. ట్రక్కులు, బస్సుల వ్యాపారం వేరే కంపెనీగా విడిపోయింది. పాత షేరు ఒక్కోదానికి కొత్త కంపెనీ షేరు ఒకటి చొప్పున వస్తుంది. రూ.660.75లోంచి రూ.400 తీసేయగా మిగిలిన రూ.260.75 ఆ రాబోయే షేరు విలువ కింద లెక్క. కొత్త షేరు లిస్ట్ అయింది, అంటే దాని కొనడం అమ్మడం మొదలైంది, నవంబర్ 12న. అంటే నాలుగు వారాల పాటు ఆ విలువ కళ్లముందు లేదు, తీసేసిన భాగం మాత్రమే కనిపించింది.

ఇలాంటి రోజున బెంగళూరు ఐటీ ఆఫీసుల్లోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తప్పకుండా పడుతుంది: "బ్రో, 40 పర్సెంట్ డిస్కౌంట్‌లో ఉంది, ఎత్తేద్దామా?" డిస్కౌంట్ ఎక్కడా లేదు. సగం ప్లేటు బిర్యానీ సగం ధరకు అమ్ముతున్నారు, అంతే.

షేరు కోట్, అంటే యాప్ చూపే ధర, పక్కన కనిపించే శాతానికి లవం ఇప్పటి ధరకూ నిన్నటి ముగింపుకూ మధ్య తేడా. హారం నిన్నటి ముగింపు. అందరూ లవాన్ని చూసి సంతోషపడతారు, లేదా బాధపడతారు. తేడా వచ్చేది ఎక్కువగా హారం దగ్గర. యాప్‌లు శాతాన్ని లావు అక్షరాల్లో, రంగుల్లో చూపించి, అది ఏ ధర మీద కట్టిందో ఎక్కడో కింద చిన్నగా వేస్తాయి. కొన్ని ఆ మాత్రం కూడా వేయవు. ఆ ధరను శాతం పక్కనే వేయకపోవడం నా దృష్టిలో డిజైన్ లోపం.

ముందు 'నిన్నటి ముగింపు' అంటే ఏమిటో చూద్దాం. చాలామంది 3:30కి జరిగిన ఆఖరి లావాదేవీ ధరే ముగింపు అనుకుంటారు. మన ఎక్స్ఛేంజీల్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తూ వచ్చిన పద్ధతి వేరు. 3:00 నుంచి 3:30 వరకు జరిగిన లావాదేవీలన్నిటికీ, ఎన్ని షేర్లు ఏ ధరకు మారాయో బరువు కట్టి తీసిన సగటే ముగింపు ధర. ఆ అరగంటలో ఒక్క లావాదేవీ కూడా లేకపోతేనే అంతకుముందు జరిగిన ఆఖరి ధరను తీసుకుంటారు.

ఒక ఉదాహరణ కడదాం. నిన్నటి ముగింపు రూ.500. ఈరోజు ఆఖరి అరగంటలో 60,000 షేర్లు రూ.503కు, 30,000 షేర్లు రూ.509కి, చివరి నిమిషాల్లో 10,000 షేర్లు రూ.515కి చేతులు మారాయి. మొత్తం విలువ రూ.5,06,00,000. లక్ష షేర్లతో భాగిస్తే ముగింపు రూ.506. కానీ 3:30కి తెర మీద నిలిచిపోయిన ఆఖరి ధర, అంటే ఎల్‌టీపీ, రూ.515. ఆ నిమిషానికి యాప్ చూపేది ప్లస్ 3 శాతం. కాసేపటికి ముగింపు ధర ఖరారయ్యాక అదే షేరు ప్లస్ 1.2 శాతం అవుతుంది. "మధ్యలో ఎవడో పడేశాడు" అని అనుమానించేవాళ్లున్నారు. మధ్యలో ఏమీ జరగలేదు. 3:40 నుంచి 4:00 వరకు ఉండే పోస్ట్ క్లోజ్ సెషన్‌లో లావాదేవీ జరిగినా అది ఈ రూ.506కే జరుగుతుంది.

మర్నాడు పొద్దున షేరు రూ.510 దగ్గర మొదలైందనుకోండి. కోట్‌లో ప్లస్ 0.79 శాతం, ఆకుపచ్చ. నిన్న ఆఖర్లో రూ.515కి కొన్నవాడికి మాత్రం దాదాపు ఒక శాతం నష్టం. ఇద్దరూ చూస్తున్నది ఒకే ధర, హారాలు వేరు. హోల్డింగ్స్ పేజీలో 'డేస్ పీ అండ్ ఎల్' (ఈరోజు లాభనష్టం) గడిలో వచ్చే తికమకకు కూడా ఇదే మూలం. నిన్నటి నుంచి చేతిలో ఉన్న షేర్లకు ఆ గడి నిన్నటి ముగింపు నుంచి కడుతుంది. ఈరోజు కొన్న షేర్లకు మీరు కొన్న ధర నుంచి కట్టాలి. రెండూ కలిసిన రోజున ఆ గడిలోని శాతం కోట్‌లోని శాతంతో కలవదు, కలవకూడదు కూడా.

సగటు తీసే పద్ధతికి మంచి కారణమే ఉంది. ఆఖరి సెకనులో ఒకడు పది షేర్లు ఎక్కువ ధరకు కొని ముగింపును ఎగదోయకుండా ఆపడానికి. ఎన్‌ఎస్‌ఈలోని 50 పెద్ద షేర్ల సూచీ నిఫ్టీ ముగింపు కూడా ఇలా ఒక్కో షేరు ముగింపు ధర నుంచే తయారవుతుంది. కాబట్టి 3:30కి టీవీలో కనిపించిన నిఫ్టీకీ, సాయంత్రం వార్తల్లో వచ్చే నిఫ్టీకీ కొన్ని పాయింట్ల తేడా మామూలే. వీక్లీ ఆప్షన్ల, అంటే నిఫ్టీ ఎక్కడ ముగుస్తుందన్నదాని మీద వారానికోసారి గడువు ముగిసే ఒప్పందాల, సెటిల్‌మెంట్ ఆ సాయంత్రపు అంకె మీదే జరుగుతుంది. 3:29కి తెర చూసి గెలిచాననుకున్నవాళ్లు కొందరు అక్కడే దెబ్బతింటారు.

రంగు విషయంలో మరో చిక్కుంది. నిన్న రూ.1,500 దగ్గర ముగిసిన షేరు ఈరోజు గ్యాప్ అప్‌తో రూ.1,560 దగ్గర మొదలై రూ.1,530 దగ్గర ముగిసింది. కోట్‌లో ప్లస్ 2 శాతం, ఆకుపచ్చ. చార్టులో ఆ రోజు కదలికను చూపే కడ్డీ, అంటే క్యాండిల్, మాత్రం ఎర్రగా ఉంటుంది, ఎందుకంటే క్యాండిల్ రంగు ఆ రోజు ప్రారంభ ధరతో పోల్చి వస్తుంది. పొద్దున 9:15కి వార్త చూసి కొన్నవాడు ఆ 'పెరిగిన' రోజునే 1.92 శాతం పోగొట్టుకున్నాడు. త్రైమాసిక ఫలితాల మర్నాడు ఇన్ఫోసిస్, విప్రో లాంటి షేర్లలో ఇది తరచుగా చూస్తాం. పెరుగుదలంతా 9:00 నుంచి 9:15 మధ్య ప్రీ ఓపెన్‌లోనే అయిపోతుంది. ఆ తర్వాత కొనేవాడికి మిగిలేది చార్టులోని రంగే.

ఇక బోనస్ (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు), స్ప్లిట్ (ఒక షేరును కొన్ని షేర్లుగా విడగొట్టడం), డివిడెండ్ (లాభంలోంచి పంచే డబ్బు). వీటిలో కొన్నిటికి హారం సవరిస్తారు, కొన్నిటికి సవరించరు. చెన్నై కంపెనీ అశోక్ లేలాండ్ 2025 జూలై 16 రికార్డు తేదీగా (ఆ రోజు ఎవరి ఖాతాలో షేర్లుంటే వాళ్లకే) ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. ఇలాంటప్పుడు రూ.250 ఉన్న షేరుకు ఎక్స్ డేట్ రోజు, అంటే ఆ హక్కు లేకుండా షేరు ట్రేడ్ అవడం మొదలయ్యే రోజు, హారం రూ.125 అవుతుంది. సవరణ సరిగా చేసిన యాప్‌లో ఆ రోజు మామూలు ఒకటి రెండు శాతాల కదలికే కనిపిస్తుంది. సవరణ ఆలస్యమైన చోట మైనస్ 50. మీ హోల్డింగ్స్‌లో మరో ఇబ్బంది: ధర ఎక్స్ డేట్ ఉదయమే సగమవుతుంది, బోనస్ షేర్లు మాత్రం తర్వాత వస్తాయి. 2024 అక్టోబర్ నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం రికార్డు తేదీ తర్వాత రెండో పనిదినానికి అవి ట్రేడింగ్‌కు అందుబాటులోకి రావాలి. అందాకా పోర్ట్‌ఫోలియోలో సగం నష్టం కనిపిస్తే కంగారుపడి అమ్ముకోకండి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాల్సిన పనీ లేదు.

డివిడెండ్ దగ్గర మామూలుగా హారం మార్చరు. రూ.1,000 షేరు మీద రూ.20 డివిడెండ్ ఇస్తే, ఎక్స్ డేట్ ఉదయం అది రూ.980 దగ్గర మొదలవడం సహజం. కోట్‌లో మైనస్ 2 శాతం. ఆ రూ.20 కొన్నాళ్లకు బ్యాంకు ఖాతాలో పడుతుంది, కానీ ఈ శాతంలో ఎప్పటికీ కనిపించదు. టీ ప్లస్ 1 (కొన్న మర్నాటి పనిదినానికే షేర్లు ఖాతాలో పడే పద్ధతి) వచ్చాక ఎక్స్ డేట్, రికార్డు తేదీ సాధారణంగా ఒకే రోజు. డివిడెండ్ కావాలంటే కనీసం ముందు ట్రేడింగ్ రోజున కొని ఉండాలి. చార్టుల్లో కొన్ని సైట్లు పాత ధరలను డివిడెండ్‌కు కూడా సవరించి చూపుతాయి. అందుకే ఒకే షేరుకు ఐదేళ్ల రాబడి ఒక్కో సైట్‌లో ఒక్కోలా ఉంటుంది.

చిన్న ధరల షేర్ల శాతాలు ఇంకో లోకం. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఒప్పందాలు లేని షేర్లకు 2, 5, 10, 20 శాతం సర్క్యూట్ పరిమితులు, అంటే ఒక రోజులో ధర కదలగల హద్దులు, ఉంటాయి. రూ.1.05 షేరుకు 5 శాతం సర్క్యూట్ అంటే పై హద్దు లెక్క ప్రకారం రూ.1.1025 అవ్వాలి. పైసాకు తక్కువ ధర లేదు కాబట్టి రూ.1.10 దగ్గరే ఆగుతుంది. కోట్‌లో 4.76 శాతం. 'ఇంకా పావు శాతం ఉంది కదా' అని ఆర్డర్ పెట్టేవాళ్లకు అది దొరకదు, ఎందుకంటే అదే అప్పర్ సర్క్యూట్. అసలు ఆ స్థితిలో శాతం చూడటమే వృథా. ఆర్డర్ బుక్‌లో కొనేవాళ్లు లక్షల్లో, అమ్మేవాళ్లు సున్నా ఉంటే, ఆ ప్లస్ 5 మీకు అందే ధర కాదు. లోయర్ సర్క్యూట్‌లో ఇదే తిరగబడుతుంది, తప్పించుకునే దారి ఉండదు. వరుసగా ఐదు రోజులు 5 శాతం చొప్పున పడితే రూ.100 షేరు రూ.77.38 అవుతుంది. తర్వాత ఐదు రోజులు 5 శాతం చొప్పున పెరిగినా రూ.98.76 దగ్గరే ఆగుతుంది. ప్రతిరోజూ హారం మారిపోతూ ఉంటుంది కాబట్టి రోజువారీ శాతాలను కూడకూడదు, గుణించాలి.

హారం చెడిపోతే శాతం ఎంత అర్థం లేనిదవుతుందో ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్ చూపించింది. 2024 అక్టోబర్ 29న బాంబే స్టాక్ ఎక్స్ఛేంజీ (బీఎస్‌ఈ)లో ఆ షేరు ఒక్క రోజులో రూ.3.53 నుంచి రూ.2,36,250కి వెళ్లింది. శాతంలో 66,92,535. ఏషియన్ పెయింట్స్‌లో వాటా ఉన్న హోల్డింగ్ కంపెనీ అది. పుస్తక విలువే, అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేయగా మిగిలేదే, షేరుకు లక్షల్లో ఉంది, కాబట్టి రూ.3.53కి అమ్మేవాళ్లెవరూ లేరు. పరిమితులు లేని ప్రత్యేక వేలం పెట్టగానే అసలు ధర బయటపడింది. ఆ రోజు ఎవరి డబ్బూ అరవై ఆరు వేల రెట్లు కాలేదు. రూ.3.53 అనేది ఎవరూ అమ్మని ధర.

సూచీల దగ్గరకొస్తే మన పత్రికలకు, చానళ్లకు పాయింట్ల పిచ్చి ఇంకా పోలేదు. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, సెన్సెక్స్ 4,389.73 పాయింట్లు పడింది. 2020 మార్చి 23న పడింది 3,934.72. పాయింట్ల ప్రకారం మొదటిదే పెద్ద పతనం. శాతాల్లో మొదటిది 5.74, రెండోది 13.15. ఇంకా వెనక్కి, 1992 ఏప్రిల్ 28న కేవలం 570 పాయింట్లు పడితేనే 12.77 శాతం పోయింది. విడి షేర్లలోనూ అంతే. చెన్నైలోని ఎంఆర్‌ఎఫ్ షేరు 2023 జూన్‌లో తొలిసారి లక్ష రూపాయలు దాటింది. ఆ స్థాయిలో వెయ్యి రూపాయలు పడినా అది ఒక శాతం లోపే.

చివరిగా, అమెరికా కంపెనీల ఆర్‌ఎస్‌యూలు, అంటే జీతంతో పాటు ఉద్యోగులకు ఇచ్చే షేర్లు, ఉన్నవాళ్ల సంగతి. బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, చెన్నైలో ఓఎమ్మార్ వైపు తెలుగు ఇళ్లలో ఇవి లేనివాళ్లు తక్కువే. వేసవిలో మన రాత్రి 7:00 నుంచి 1:30 వరకు, చలికాలంలో 8:00 నుంచి 2:30 వరకు అక్కడ మామూలు ట్రేడింగ్. పొద్దున లేచి ఫోన్ చూస్తే రెండు శాతాలు కనిపిస్తాయి: ఒకటి మామూలు సెషన్‌ది, రెండోది 'ఆఫ్టర్ అవర్స్', అంటే మార్కెట్ మూసిన తర్వాత జరిగే ట్రేడింగ్‌ది. మొదటిదానికి హారం అంతకుముందు రోజు ముగింపు, రెండోదానికి అదే రాత్రి ముగింపు. మైనస్ 3, ప్లస్ 4 కనిపిస్తే ప్లస్ 1 అనుకోకండి. 0.97ను 1.04తో గుణిస్తే 1.0088, అంటే 0.88 శాతం. పైగా ఆఫ్టర్ అవర్స్‌లో చేతులు మారే షేర్లు తక్కువ. ఫలితాల రాత్రి తొలి పది నిమిషాల శాతం, మేనేజ్‌మెంట్ కాల్ అయ్యేసరికి తలకిందులవడం మామూలు విషయం.

ఆ రెండు శాతాల్లో ఏదీ రూపాయల్లో లేదు. డాలర్ రూ.85 ఉన్నప్పుడు 100 డాలర్ల షేరు రూ.8,500. షేరు 99 డాలర్లకు దిగి, డాలర్ రూ.86 అయితే యాప్‌లో మైనస్ 1 శాతం, ఎరుపు. షేరు విలువ మాత్రం రూ.8,514.