పస్ సెల్స్ అంకె చూసి మందు రాస్తే సరిపోదు

మూత్రంలో మంట అనగానే మన ఇళ్లలో ముందు వినిపించే మాట ‘వేడి చేసింది’. సబ్జా నీళ్లు, బార్లీ, కొబ్బరిబోండాం అయ్యాక మెడికల్ షాపు. అక్కడ చీటీ లేకుండా ఇచ్చిన యాంటీబయాటిక్‌తో తగ్గకపోతే అప్పుడు ల్యాబు. రిపోర్టులో ‘పస్ సెల్స్ 10–12’ అని కనిపిస్తే చాలు, ఇన్ఫెక్షన్ అని తేల్చేస్తారు. నా అభ్యంతరం ముఖ్యంగా ఈ తేల్చేయడం మీదే.

పస్ సెల్స్ అంటే తెల్ల రక్తకణాలు. ఎక్కడో వాపు ఉందని మాత్రమే అవి చెబుతాయి. కిడ్నీలో రాయి ఉన్నా, శాంపిల్‌లో తెల్లబట్ట కలిసినా ఆ అంకె పెరుగుతుంది. అందుకే మంచి డాక్టర్ రిపోర్టు కంటే ముందు మనిషిని అడుగుతారు. మంట ఉందా? మాటిమాటికీ వెళ్లాల్సి వస్తోందా? చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉన్నాయా? ఈ చివరివి ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందేమోనని చూడాలి. గర్భిణి కాని ఆరోగ్యవంతురాలికి మంట, మాటిమాటికీ వెళ్లడం రెండూ ఉండి, తెల్లబట్ట గానీ దురద గానీ లేకపోతే, అది ఇన్ఫెక్షనే అయ్యే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. ఆ రెండు నిమిషాల మాటలకు ఉన్న విలువ చాలా పరీక్షలకు లేదు.

మూత్రంలో రసాయన పట్టీ ముంచి రంగు మారిందా అని చూసే స్ట్రిప్ పరీక్షే చూడండి. ఈ.కోలి లాంటి బ్యాక్టీరియా మూత్రంలోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తుంది, స్ట్రిప్ పట్టేది ఆ నైట్రైట్‌నే. అందుకు మూత్రం దాదాపు 4 గంటలు లోపల నిలవాలి. అరగంటకోసారి బాత్రూమ్‌కి పరుగెత్తే మనిషిలో అది ఎక్కడ నిలుస్తుంది? స్ట్రిప్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఏమీ లేదని ఇంటికి పంపేయడం అన్యాయం.

ఇక కల్చర్. ఏ బ్యాక్టీరియా, ఏ మందుకు లొంగుతుంది అన్నది చెప్పే పరీక్ష ఇదే. కానీ శాంపిల్ తీసుకునే తీరు చూస్తే బాధేస్తుంది. చేతిలో ఓ డబ్బా పెట్టి ‘బాత్రూమ్ అటు’ అంటారు. ముందు నీళ్లతో కడుక్కోవాలని, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలని చెప్పేవాళ్లు తక్కువ. ఆ డబ్బా ఫ్రిజ్‌లో పెట్టకపోతే 2 గంటల్లోపే ల్యాబు చేరాలి. పొద్దున ఇచ్చింది మధ్యాహ్నం దాకా కలెక్షన్ సెంటర్ బల్ల మీదే ఉంటే, మన ఎండలకు అందులో బ్యాక్టీరియా పెరుగుతూనే పోతుంది. చివరికి ‘మిక్స్‌డ్ గ్రోత్’ (రకరకాల బ్యాక్టీరియా కలిసి పెరిగాయి) అని రిపోర్టు వస్తుంది, డబ్బు దండగ. మిల్లీలీటరుకు లక్ష బ్యాక్టీరియా ఉంటేనే ఇన్ఫెక్షన్ అన్న పాత గీటురాయి కూడా అందరికీ వర్తించదు. లక్షణాలున్న స్త్రీలో అంతకంటే చాలా తక్కువున్నా నిజమైన ఇన్ఫెక్షన్ కావచ్చు.

దీనికి పూర్తి విరుద్ధమైన తప్పు పెద్దవాళ్ల విషయంలో జరుగుతుంది. వయసు మళ్లిన స్త్రీలలో చాలామందికి ఏ బాధా లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుంది. హెల్త్ చెకప్‌లో అది బయటపడగానే యాంటీబయాటిక్ కోర్సు మొదలుపెట్టేస్తారు. లక్షణాలు లేనప్పుడు గర్భిణులకు, మూత్రనాళంలో కొన్ని ప్రొసీజర్లు చేయించుకోబోయేవాళ్లకు తప్ప దాదాపు ఎవరికీ మందు అక్కర్లేదని అమెరికా అంటువ్యాధి నిపుణుల సంఘం 2019లో స్పష్టంగా రాసింది. అక్కర్లేని ప్రతి కోర్సూ మందులకు లొంగని మొండి బ్యాక్టీరియాకు దారి తీయొచ్చు.

మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్లు, గర్భిణులు, మగవాళ్లు, జ్వరం ఉన్నవాళ్లు కల్చర్ తప్పక చేయించుకోవాలి. రిపోర్టుకు ఒకటి రెండు రోజులు పడుతుంది, అంతవరకు మందు ఆపాల్సిన పనిలేదు. ముందు శాంపిల్ ఇచ్చి, ఆ తర్వాత మొదటి మాత్ర వేసుకుంటే చాలు. ఈలోపే షాపులో కొని ఏదైనా వేసుకుని ఉంటే, దాని పేరు డాక్టర్‌కూ ల్యాబుకూ దాచకుండా చెప్పండి.